కుర్చీ పోయిన ఏడాదే ప్రపంచ కోర్టుకు: తస్లీమ్ ఇలియాస్ కథ

[స్క్రీన్ మీద: లాగోస్, 1975]

జూలై నెలాఖరు. నైజీరియా సైన్యంలోనే ఒక వర్గం తిరగబడి ప్రభుత్వాన్ని దించేసింది. కొత్త సర్కారు చీఫ్ జస్టిస్‌ను కూడా ఇంటికి పంపింది. ఆయనే తస్లీమ్ ఒలావలే ఇలియాస్. చిత్రమేంటంటే, సొంత దేశంలో పదవి ఊడిన ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితి ఆయన్ని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి జడ్జిగా ఎన్నుకుంది.

ఇలియాస్ 1914లో లాగోస్‌లో పుట్టారు. లండన్‌లో లా చదివి 1949లో పీహెచ్‌డీ చేశారు. 1956లో మన ఢిల్లీ యూనివర్సిటీకి విజిటింగ్ ప్రొఫెసర్‌గా వచ్చారు. అక్కడ ఆఫ్రికా అధ్యయన విభాగం ఏర్పాటులో ఆయన చేయి ఉంది. 1960లో నైజీరియాకు స్వాతంత్ర్యం రాగానే అటార్నీ జనరల్, న్యాయశాఖ మంత్రి అయ్యారు. మంత్రే గానీ, ఆయన్ని రాజకీయ నాయకుడు అనాలంటే నాకు కాస్త మొహమాటం. మైకు కన్నా ఫైలే ఎక్కువ పట్టుకున్న మనిషి. 1966 తిరుగుబాటులో ఆ పదవీ పోయింది, అదే ఏడాది మళ్లీ పిలిచి ఇచ్చారు!

[స్క్రీన్ మీద: వియన్నా, 1969]

అసలు ఆయన సత్తా తెలియాలంటే ఇక్కడ ఆగాలి. దేశాల మధ్య ఒప్పందాలు ఎలా కుదరాలి, ఎప్పుడు చెల్లవు అన్న నియమాలు రాయడానికి ప్రపంచమంతా కూర్చుంది. చర్చల ప్రధాన కమిటీకి ఇలియాసే అధ్యక్షుడు. పేచీ ఒక్కచోట వచ్చింది. ఒక దేశం 'ఈ ఒప్పందం చెల్లదు' అంటే తేల్చేదెవరు? అంతర్జాతీయ న్యాయస్థానమే తేల్చాలని పాశ్చాత్య దేశాలు పట్టుబట్టాయి. సోవియట్ కూటమి ససేమిరా అంది. ఆఫ్రికా దేశాలకైతే గాయం ఇంకా పచ్చిగానే ఉంది. నమీబియాను తన పాలనలో ఉంచుకున్న సౌతాఫ్రికాపై ఇథియోపియా, లైబీరియా వేసిన కేసును అదే కోర్టు 1966లో కొట్టేసింది. ఓట్లు 7-7 అయితే, అధ్యక్షుడి అదనపు ఓటుతో!

సదస్సు ముగియబోతుండగా ఇలియాస్ ముందుండి ఆసియా, ఆఫ్రికా దేశాలతో ఒక రాజీ తెచ్చారు. బానిసత్వం, జాతి నిర్మూలన లాంటివాటిపై నిషేధం ఉంది కదా, ఏ దేశమూ దాటకూడని అలాంటి మూల సూత్రాల మీద వివాదమైతే కోర్టుకు వెళ్లొచ్చు. మిగతావి సయోధ్య కమిషన్‌కు. దాని నివేదికకు ఎవరూ కట్టుబడక్కర్లేదు. ఆ నియమాలన్నీ కలిపిన వియన్నా ఒప్పందం 79-1 ఓట్లతో గట్టెక్కింది. కాదన్న ఆ ఒక్కటీ ఫ్రాన్స్. ఇండియా మాత్రం ఇప్పటికీ అందులో చేరలేదు.

[స్క్రీన్ మీద: హేగ్, పీస్ ప్యాలెస్]

1981లో కోర్టు అధ్యక్షుడు హంఫ్రీ వాల్డాక్ చనిపోయారు. వియన్నా ఒప్పందం ముసాయిదాను సిద్ధం చేసింది ఆయనే. కోర్టు అధ్యక్ష బాధ్యత ముందు తాత్కాలికంగా, 1982 నుంచి పూర్తిగా ఇలియాస్‌కు వచ్చింది. ఆ కోర్టుకు తొలి ఆఫ్రికన్ అధ్యక్షుడు ఆయనే. తన రేవుల్లో మందుపాతరలు పెట్టించారని నికరాగువా అమెరికా మీద కేసు వేసింది ఆయన హయాంలోనే. విచారించే అధికారం మాకుంది అని 1984 నవంబర్‌లో కోర్టు తేల్చేసరికి, అమెరికా కేసులోంచి లేచి వెళ్లిపోయింది. 1985లో అధ్యక్ష పదవి మన నాగేంద్ర సింగ్‌కు దక్కింది.

ఇలియాస్ 1991లో కన్నుమూసేదాకా ఆ కోర్టులో జడ్జిగానే ఉన్నారు. ఆ ఖాళీలోకి వచ్చిన బోలా అజిబోలా కూడా నైజీరియా న్యాయశాఖ మంత్రిగా చేసినాయనే.