పొడి దుక్కిలో చల్లే నవధాన్యాలకు మట్టి పూత వేసే విధానం

నమస్కారం. ఉదయగిరి మెట్టలో, దున్ని సిద్ధం చేసిన ఈ ఎర్రనేల చేలో నిలబడి మాట్లాడుతున్నాను. నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు లోపు వస్తాయి కాబట్టి, పంట కోసిన నాటి నుంచి అప్పటిదాకా మెట్ట చేలు బోడిగా ఎండకు మాడుతూ ఉంటాయి. ఆ నెలల్లో కూడా నేల మీద పచ్చని కప్పు నిలపడానికే వానకు ముందు నవధాన్యాలు, అంటే రకరకాల పంటల గింజలు కలిపి చల్లుతున్నాము. 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో తరువాత చేరిన ఈ పద్ధతిని ఇప్పుడు అందరూ పీఎండీఎస్ (ప్రీ మాన్సూన్ డ్రై సోయింగ్, అంటే వానలకు ముందు పొడి దుక్కిలో విత్తడం) అనే పిలుస్తున్నారు.

పొడి దుక్కిలో వట్టి గింజ చల్లితే చీమలు మోసుకుపోతాయి, పిట్టలు ఏరుకుంటాయి. అంతకన్నా పెద్ద చిక్కు మే నెలలో పడే చిన్న జల్లు. ఆ కాస్త తడికే మోసపోయి మొలిచిన గింజ నాలుగు రోజుల ఎండకు మాడిపోతుంది. మట్టి పూతను చాలామంది ఎరువుగా భావిస్తారు కానీ, నా దృష్టిలో అది చిన్న జల్లుకే మొలవకుండా గింజకు వేసే గడియ.

ముందుగా బీజామృతం, అంటే విత్తనశుద్ధికి వాడే ద్రావణం. నిన్న సాయంత్రం 1 లీటరు నీటిలో 250 గ్రాముల ఆవు పేడ, 250 మిల్లీలీటర్ల ఆవు మూత్రం, చిటికెడు సున్నం, కాస్త గట్టు మట్టి కలిపి, రాత్రంతా ఉంచి, ఇప్పుడు వడకట్టాను. ఇది 5 కిలోల గింజలకు సరిపోతుంది. ఒంగోలు ఆవు పేడే కావాలా అని అడుగుతుంటారు. ఇంట్లో ఉన్న నాటు ఆవు చాలు.

గింజలను రెండు కుప్పలుగా విడదీయండి. కంది, అలసంద, ఆముదం, జొన్న ఒక వైపు. సజ్జ, నువ్వులు, గోంగూర, తోటకూర మరొక వైపు. రెండింటినీ కలిపి పూత వేస్తే సన్న గింజలు పెద్ద గింజలకు అంటుకుని ఉండలు కడతాయి. ఇప్పుడు పెద్ద గింజలను గోనెపట్టా మీద పోసి, బీజామృతం చిలకరించి, చేతులతో పైపైన దొర్లించండి. గింజ తడవాలే తప్ప నానకూడదు. పప్పుజాతి గింజ నానిందంటే పొట్టు ఊడిపోతుంది. ఆ తడి మీద జల్లించిన పుట్టమట్టిని పలుచగా చల్లి మళ్లీ దొర్లించండి. తరువాత మరికొంత బీజామృతం చిలకరించి, ఘనజీవామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసి ఎండబెట్టిన ఎరువు) పొడి, చివరగా పొయ్యి బూడిద. ఒకేసారి మందంగా పట్టించిన పూత ఆరగానే పెచ్చులుగా రాలుతుంది. అందుకే ఇంత ఓపిక. మొదటి ఏడాది నేను తొందరపడి, గింజలన్నీ ముద్ద చేసి, సగం పారేసుకున్నాను.

నీడ పట్టున ఆరబెట్టిన తరువాత నడుము ఎత్తు నుంచి గట్టి నేల మీదకు ఒక గింజను వదలండి. పూత పగలకపోతే చల్లుకోవచ్చు. చల్లిన తరువాత గుంటకతో పైపైన కలియదున్ని, దొరికిన వేరుశనగ పొట్టు గానీ ఎండుగడ్డి గానీ పరవండి.

ఇక మిగిలింది గొర్రెల సంగతి. వేసవిలో మెట్ట చేలన్నీ ఊరి మందలకు బీళ్లే. చుట్టూ బోడి చేలు ఉండగా ఒక్కరి చేను పచ్చబడితే మంద అక్కడికే వస్తుంది. కాబట్టి చల్లడానికి ముందే పక్క చేల వారితోనూ, గొర్రెల కాపరులతోనూ కూర్చుని, ఏ చెలక ఎన్నాళ్లు వదలాలో, పైరు ఎదిగాక ఏ మేర మేతకు ఇవ్వాలో మాట్లాడుకోండి.