పెట్టె మీద ‘ఆత్మరక్షణ’ అని రాస్తే సరిపోతుందా?

వేదిక మీది పెద్దలకు, తిరుపతి కాలేజీల నుంచి వచ్చిన అమ్మాయిలకు నమస్కారం. టైము తక్కువుంది, నేరుగా విషయానికి వస్తాను.

మీద పడేవాణ్ణి కరెంటు షాకుతో ఆపే స్టన్‌గన్ కొనొచ్చా అని అడుగుతున్నారు. ఏ రకమో ముందు చూడండమ్మా. టార్చిలైటులా ఉండి, కొసనున్న రెండు ఇనుప మొనలను ఒంటికి ఆనించి నొక్కేది ఒకటి. తీగలు కట్టిన ముళ్లను నైట్రోజన్ ఒత్తిడితో దూరానికి విసిరేది రెండోది, టేజర్. 1959 ఆయుధ చట్టం 2వ సెక్షన్ ప్రకారం, పేలుడుతో గానీ మరే శక్తితో గానీ దేన్నైనా విసిరే ఆయుధం తుపాకీ కిందే లెక్క. నేను చదివినంతలో, ఆ ‘మరే శక్తి’లోకి నైట్రోజన్ కూడా వస్తుంది. లైసెన్సు లేని తుపాకీకి 2019 సవరణ తర్వాత కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు.

మరి ఆనించేదో? దాడికైనా రక్షణకైనా ఆయుధంగా చేసిన వస్తువు ఆయుధమేనని అదే సెక్షన్ చెబుతుంది. లాఠీ, చేతికర్రలాంటి ఇంటి, సేద్యపు వస్తువులకు, ఉత్త ఆటబొమ్మలకు మాత్రమే మినహాయింపు. అంటే ‘ఆత్మరక్షణకు’ అని అచ్చేసినవాడు ఇది ఆయుధమేనని తనే రాసిచ్చినట్టు. విదేశం నుంచి తెప్పిస్తే 10వ సెక్షన్ దిగుమతి లైసెన్సు అడుగుతుంది.

ఓల్టుల మోసం చెప్పకుండా ముందుకు పోలేను. ‘కోటి ఓల్టులు’ అంటారు. గాలిలో నిప్పురవ్వ సెంటీమీటరు దూకడానికి సుమారు 30,000 ఓల్టులు చాలు. మొనల మధ్య ఎడం 3 సెంటీమీటర్లుంటే లక్షలోపే రవ్వ దూకేస్తుంది, ఆపైన ఓల్టేజి పెరగదు. కోటి నిలవాలంటే మొనల మధ్య 3 మీటర్లకు పైనే ఎడం కావాలి! అసలు సంగతి వేరే ఉంది: మూడు నాలుగు సెకన్లు ఆనించే ఉంచాలి, అంటే దాడి చేసేవాడి చేతికి మీరు అందేంత దగ్గరగా నిలబడాలి. మందపాటి జాకెట్ అడ్డమొస్తే పనిచేయకపోవచ్చు. అది ఏ ప్రకటనలో చెబుతున్నారు?

వీడియోల్లో అమెరికావాళ్లు కొంటున్నారు కదా అంటారు. అక్కడి సుప్రీంకోర్టు 2016లో కయెటానో కేసులో, స్టన్‌గన్‌కు ఆయుధం ఉంచుకునే హక్కు వర్తించదన్న మసాచుసెట్స్ కోర్టు తీర్పును కొట్టేసింది. ఆ హక్కు వాళ్ల రాజ్యాంగంలో ఉంది, మనదాంట్లో లేదు. మనకున్నది ఆత్మరక్షణ హక్కు, అది మన శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. 37వది గుర్తుంచుకోండి: రక్షణకు కావలసినంతకు మించి హాని చేయకూడదు. కింద పడి కదలనివాడి మీద మళ్లీ నొక్కితే ఆ హక్కు మీ వెంట రాదు.

అందుకే అర్జీ రాశాం. స్టన్‌గన్ చట్టంలో ఏ తరగతి, లైసెన్సు కావాలా, అసలు ఓల్టేజి ఎంత, ఈ మూడూ పెట్టె మీద తెలుగులో అచ్చేయాలి. కాగితం గుమ్మం పక్క బల్ల మీదుంది. చదివి, ఒప్పుకుంటేనే సంతకం పెట్టండమ్మా.