గోదారి ఎర్రబడే వేళ, కొండమీద టేకు

(రాజమండ్రిలో ఒక కలప అడితి. టేకు దుంగ కోసిన ముఖం, బాగా దగ్గరగా.)

నమస్కారమండీ. ఈ దుంగ మీద కాసిని నీళ్ళు చల్లి గుడ్డతో తుడిచాను, చూడండి, గీతలు ఎలా తేలాయో! ఏడాదికో గీత. ఇక్కడ గీతకీ గీతకీ మధ్య నా చిటికెనవేలి గోరంత ఎడం ఉంది, కాస్త పక్కకి జరిగితే నాలుగు గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు ఇరుక్కుపోయాయి. ఆ నాలుగేళ్ళూ ఈ చెట్టుకి ఏదో కష్టం వచ్చింది.

కోనసీమ వాళ్ళకి ఇది కొత్తగా అనిపించొచ్చు, ఎందుకంటే కొబ్బరి మొద్దు కోస్తే ఈ గీతలు కనపడవు. బెరడు కింద ఏటా కొత్త కలప పేర్చే పొర కొబ్బరికి లేదు, టేకుకి ఉంది.

(పాపికొండల అడవి, వేసవిలో మోడుగా నిలబడ్డ చెట్లు.)

పాపికొండలు, మారేడుమిల్లి వైపు టేకు ఎండల్లో ఆకు రాల్చేస్తుంది. తొలకరి పడి నేల నానాక ఆ పొర పని మొదలెడుతుంది, ముందు నీళ్ళు మోసే పెద్ద గొట్టాలున్న కలప, తర్వాత చిక్కటి కలప. అందుకే ధవళేశ్వరం దగ్గర గోదారిలో తొలివానల ఎర్రనీరు చూసినప్పుడల్లా, పైన కొండల్లో ఈ ఏటి గీత మొదలైపోయుంటుందని నాకు అనిపిస్తుంది.

నీళ్ళే ఎందుకంత ముఖ్యం అంటారా? కొత్త కణం సాగాలంటే లోపల నీటి ఒత్తిడి ఉండాలి, గాలి నింపితేనే బుడగ సాగినట్టు. నేల ఎండితే ఆకు ఇంకా ఆహారం తయారుచేస్తూనే ఉన్నా కలప పెరగడం ముందే ఆగిపోతుంది. వాగు పక్క చెట్టుకి ఈ బాధ తక్కువ, బండల మీద పల్చటి మట్టిలో ఉన్న చెట్టుకే ఎక్కువ, కాబట్టి వానల చరిత్ర వెతికేవాళ్ళు ఆ బండల మీది చెట్ల దగ్గరికే వెళ్తారు. చెట్టు కొట్టక్కర్లేదు, పెన్సిల్ కంటే సన్నటి పుల్లంత కలప తొలిచి తీస్తే చాలు. కానీ ఒక్క చెట్టు మాట నమ్మరు. పక్క చెట్టు నీడ వల్లా, పురుగు వల్లా గీత సన్నబడుతుంది, వానల మధ్యలో పెద్ద గ్యాప్ వస్తే ఒకే ఏడాదిలో దొంగ గీత ఇంకోటి పడుతుంది. చాలా చెట్లు పోల్చాల్సిందే.

ఇక చలి సంగతి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మన తూర్పు కనుమలు ఎంత ఎత్తైనా 1,700 మీటర్లు దాటవు, ఇక్కడ చలికి చెట్టు ఆగిపోదు. హిమాలయాల్లో అలా కాదు, 5 డిగ్రీల కిందకి పడితే కలప తయారవడం దాదాపు ఆగిపోతుంది.

మరి భూమి వేడెక్కితే అక్కడి చెట్లకి మంచిదేగా? నేనూ అలాగే అనుకున్నాను. కానీ కొండమీద అడవి ఆఖరి అంచున పెరిగే భూర్జ (బర్చ్) చెట్లని నేపాల్ వైపు పరిశీలిస్తే, వానలకి ముందు నెలలు పొడిగా గడిచిన ఏడాది గీత సన్నగా ఉంది, అంత చల్లటి చోట కూడా. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదు, ఆ తేమని ఆకుల నుంచీ నేల నుంచీ లాగుతుంది. మన కొండల్లో వాన ఎప్పట్లాగే పడినా, ఎండ ముదిరితే గీత సన్నబడే అవకాశం ఉంది. నాకు టెన్షన్ అంతా దీని గురించే.

(కెమెరా బెరడు అంచుకి.)

ఒక్కసారి ఈ చివరి గీత చూడండి. పెద్ద గొట్టాలు ఒక వరస వచ్చాయి, చిక్కటి కలప ఇంకా పడలేదు. ఈ చెట్టుని కొట్టింది వానాకాలం మొదట్లో, గోదారి అప్పుడప్పుడే ఎర్రబడే రోజుల్లో.