బీరువాలో రేడియం: సరదా ఎక్కడిదాకా?

వ్యాఖ్యాత: నమస్కారం. కొందరు స్టాంపులు పోగుచేస్తారు, కొందరు నాణేలు. ఇవాళ మన మధ్య ఉన్న సేకరణదారు గారు పోగుచేసేది రేడియోధార్మిక వస్తువులు. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారా సర్?

సేకరణదారు: (నవ్వుతూ) ఒక బీరువా, దానికో తాళం. అంతవరకు ఒప్పుకున్నారు. మొదలైంది ఒక గాజు గిన్నెతో. యురేనియం గాజు. పగటిపూట చూస్తే లేత పసుపుపచ్చ, అంతే. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేశామా, చిగురాకులా వెలిగిపోతుంది.

భౌతికశాస్త్ర అధ్యాపకురాలు: ఒక్క మాట. ఆ వెలుగు రేడియోధార్మికత కాదండీ, ఫ్లోరోసెన్స్. టార్చి ఆపితే అదీ ఆగుతుంది. యురేనియం మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది, అదీ మహా నింపాదిగా. యురేనియం-238 సగం తరగడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు.

వ్యాఖ్యాత: కోట్ల ఏళ్లంటే మరీ భయపడాలేమో అనుకున్నాను!

అధ్యాపకురాలు: అందరూ అలాగే తలకిందులుగా అనుకుంటారు. నెమ్మదిగా తరిగేదాని నుంచి కిరణాలూ నెమ్మదిగానే వస్తాయి. రేడియం-226 అర్ధాయువు, అంటే సగం తరగడానికి పట్టే కాలం, 1600 ఏళ్లే. గ్రాముకు గ్రాము లెక్కేస్తే యురేనియం-238 కన్నా సుమారు 30 లక్షల రెట్లు చురుకు.

రేడియేషన్ భద్రతాధికారి: నా గోలంతా అక్కడే. గాజు గిన్నె గురించి నాకు బెంగ లేదు. పాత గడియారాలున్నాయా సర్ మీ దగ్గర?

సేకరణదారు: మూడున్నాయి. ముళ్లకీ అంకెలకీ రేడియం పూత. ఎప్పుడో ఆరిపోయాయి లెండి.

భద్రతాధికారి: ఆరిపోయింది రేడియం కాదు, దానితో కలిపిన జింక్ సల్ఫైడ్. కిరణాల దెబ్బకి కొన్ని దశాబ్దాల్లో అది పాడైపోతుంది. రేడియమేమో వందేళ్లకి నాలుగు శాతం తరుగుతుంది, అంతే. ఈలోగా పూత పెళుసెక్కి పొడిగా రాలుతుంది. ఎప్పుడైనా అద్దం తీశారా?

సేకరణదారు: ...ఒక్కసారి. ముల్లు వంగిపోతే సరిచేద్దామని.

భద్రతాధికారి: ఆ ఒక్కసారే వద్దనేది. రేడియం నుంచి వచ్చే ఆల్ఫా కణం కాగితాన్ని కూడా దాటలేదు. అందుకే బయట ఉన్నంతసేపు మనకి దానంటే అలుసు. పొడిగా ముక్కులోకో నోట్లోకో వెళ్లిందా, అడ్డం పెట్టడానికి కాగితం ఉండదు. పైగా శరీరం రేడియాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. అమెరికాలో 1917 నుంచి గడియారాల డయల్స్‌కి ఈ రంగు అద్దిన అమ్మాయిలు కుంచె మొన కోసం దాన్ని పెదవులతో తడిపేవారు. చాలామందికి దవడ ఎముకలు కుళ్లిపోయాయి. ప్రాణాలూ పోయాయి.

వ్యాఖ్యాత: రేడియేషన్‌ని పసిగట్టి టిక్కుటిక్కుమనే గైగర్ కౌంటర్ ఉంటే తెలిసిపోదా మేడమ్?

అధ్యాపకురాలు: అందులో ఏ గొట్టం పెట్టారన్నదాన్ని బట్టి. లోహపు గొట్టమైతే ఆల్ఫా లోపలికే పోదు. దానికి పల్చటి అభ్రకం కిటికీ ఉన్నది కావాలి. టిక్కుటిక్కులు తక్కువే కదా అని డయల్ పూత గీకితే, అది మీటరు తప్పు కాదు.

సేకరణదారు: గడియారాల సంగతి ఒప్పుకుంటాను. నాకైతే రాళ్లతోనే ఎక్కువ తంటా. టోర్బర్నైట్ అని పచ్చటి రేకుల స్ఫటికం, చూస్తే వదలబుద్ధి కాదు. కానీ గాలి తగిలి తేమ పోతే నలిగి రాలుతుంది. పైగా యురేనియం ఖనిజమంటే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వస్తూనే ఉంటుంది. పడకగదిలో పెట్టను, గది కిటికీలు తెరిచాకే బీరువా తీస్తాను. రాయి ముట్టుకుంటే చేతులు కడుక్కోవాల్సిందే.

భద్రతాధికారి: ఆ పద్ధతి బాగుంది. కొని దాచుకోవడం ఒక ఎత్తు, విప్పి లోపలిది బయటికి తీయడం ఇంకో ఎత్తు. పొగ డిటెక్టర్లలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది, అదీ చాలా కొద్దిగా. గోడకి ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. 1994లో అమెరికాలోని మిషిగన్‌లో 17 ఏళ్ల కుర్రాడు అలాంటివి బోలెడు విప్పాడు. లాంతరు మాంటిళ్ల నుంచి థోరియం అనే రేడియోధార్మిక లోహం, గడియారాల నుంచి రేడియం కూడా పోగేసి తల్లి ఇంటి పెరట్లోని షెడ్డులో ప్రయోగాలు చేశాడు. మరుసటి ఏడాది ప్రభుత్వమే వచ్చి ఆ షెడ్డును విప్పి, పీపాల్లో నింపి తీసుకెళ్లింది.

వ్యాఖ్యాత: సర్, చివరిగా ఒకటి. మీ తర్వాత ఆ బీరువా తెరిచేవాళ్లకి లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

సేకరణదారు: ప్రతి డబ్బా మీదా చీటీ అంటించాను.

భద్రతాధికారి: అందరికీ అర్థమయ్యేలా రాశారా?

సేకరణదారు: ...నా చేతిరాత మా ఆవిడకే అర్థం కాదు. ఇవాళే అచ్చు వేయిస్తాను.