ఉల్లి వేరు కొనలో సమవిభజన: స్లైడ్ తయారీ నుంచి దశల లెక్క వరకు

నమస్కారం. ఈ వీడియోలో ఉల్లి వేరు కొనను తీసుకుని, దానికి రంగు పట్టించి, స్లైడ్ మీద నలిపి, కణాలు ఎలా విభజన చెందుతాయో సూక్ష్మదర్శినిలో చూద్దాం. ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదివినవారిలో ఈ ప్రయోగం చేయనివారు తక్కువ. అయితే రికార్డులో నాలుగు దశల బొమ్మలూ చక్కగా గీసి, స్లైడ్‌లో మాత్రం ఒక్క దశనూ చూడకుండానే పరీక్ష గట్టెక్కినవారు చాలామంది ఉంటారు. బొమ్మలో నాలుగు దశలూ పక్కపక్కన, ఒకే పరిమాణంలో, ఒక్కొక్కటిగా ఉంటాయి. స్లైడ్‌లో అలా ఉండవు. ఎందుకు ఉండవో ఈ రోజు లెక్కపెట్టి తెలుసుకుందాం.

ముందుగా ఈ గాజు గ్లాసును చూడండి. ఉల్లిగడ్డ అడుగున ఎండిన పాత వేళ్లను బ్లేడుతో తీసివేసి, అడుగుభాగం మాత్రమే నీటిని తాకేలా గ్లాసు మూతి మీద కూర్చోబెట్టాను. గడ్డ మునిగితే కుళ్లుతుంది. నీరు రోజూ మార్చాలి. మూడు నుంచి ఆరు రోజులలో ఇలా తెల్లటి కొత్త వేళ్లు దిగుతాయి. కొన్ని గడ్డలు ఎంతకీ వేళ్లు వేయవు కాబట్టి ఒకేసారి మూడు నాలుగు పెట్టుకోవడం మంచిది. నేనైతే తొందరలో ఉన్నప్పుడు వెల్లుల్లి రెబ్బలనే వాడతాను. వాటి కణాలలోనూ క్రోమోసోములు 16 కావడం వల్ల పాఠంలో ఏమీ మార్చుకోవలసిన పని ఉండదు.

వేళ్లు రెండు మూడు సెంటీమీటర్లు పెరిగిన తరువాత కత్తిరించి ఈ సీసాలో వేయాలి. ఇందులో మూడు వంతుల ఇథైల్ ఆల్కహాల్, ఒక వంతు గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం ఉన్నాయి. ఉదయం 8 నుంచి 10 గంటల మధ్య కత్తిరించడం నా అలవాటు. 24 గంటల తరువాత వాటిని 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి మూత పెట్టుకుంటే, మీకు తీరిక దొరికినప్పుడు మిగతా పని చేసుకోవచ్చు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఈ ద్రావణంలో పడగానే ప్రతి కణం అప్పటికి ఏ దశలో ఉందో ఆ దశలోనే ఆగిపోయి చనిపోతుంది. మనం చూడబోయేది కదలికను కాదు, ఆగిపోయిన కణాలను. ఈ విషయం చివరిలో మళ్లీ అవసరమవుతుంది.

తరువాత ఆమ్లం. ఒక నార్మల్ (1 N) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వాచ్‌గ్లాసులో పోసి, వేళ్లను అందులో ఉంచి, 60 డిగ్రీల వద్ద ఎనిమిది నుంచి పది నిమిషాలు వేడి చేస్తున్నాను. పక్కపక్కనున్న మొక్క కణాలను అతికించి ఉంచే పెక్టిన్ పదార్థం దీనివల్ల కరిగి, తరువాత మనం నొక్కినప్పుడు కణాలు విడివిడిగా పరుచుకుంటాయి. నీటితో కడిగాను. ఇప్పుడు వేరును స్లైడ్ మీద పెట్టి అసిటోకార్మిన్ రంగు వేశాను. స్పిరిట్ దీపం మీద కొద్దిగా వెచ్చచేస్తున్నాను, చూడండి, మరగనివ్వడం లేదు. అప్పుడప్పుడు స్లైడ్ అడుగును చేతి వెనుక భాగానికి తాకించి, చర్మం ఓర్చుకోగలిగినంత వేడి మాత్రమే ఉండేలా చూసుకుంటాను. కార్మిన్ అనేది ఒక రకం పొలుసు పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు. దానికి కొంచెం ఇనుము తోడైతే క్రోమోసోములు మరింత ముదురుగా కనిపిస్తాయి. అందుకే నా పెట్టెలో మెరిసే స్టీలు సూదితో పాటు ఒక తుప్పు పట్టిన ఇనుప సూది కూడా ఉంటుంది. రంగు చుక్కలో దానితో రెండు మూడు సార్లు కలియబెడితే చాలు. ఎక్కువసేపు కలిపితే స్లైడ్ అంతా నల్లబడుతుంది.

ఇప్పుడు వచ్చే మెట్టు దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే నేను చదువుకునే రోజులలో రెండు వారాల పాటు తప్పు చేసినది ఇక్కడే. అప్పుడు నేను వేరు నుంచి దాదాపు ఒక సెంటీమీటరు ముక్కను కోసి, దానినంతటినీ స్లైడ్ మీద పెట్టి, బలమంతా ఉపయోగించి నొక్కేవాడిని. సూక్ష్మదర్శినిలో ఇటుకల్లాంటి పొడవాటి కణాలు, ఒక్కొక్క దానిలో ఒక గుండ్రటి కేంద్రకం, అంతే. రంగు మంచిది కాదనుకుని కొత్త సీసా తెప్పించాను. ఉల్లిగడ్డలు మార్చాను. తప్పు రంగులోనూ లేదు, గడ్డలోనూ లేదు. నేను చూస్తున్న చోటే తప్పు.

వేరును పెద్దది చేసి చూపిస్తున్నాను. చిట్టచివరన వేరుతొడుగు ఉంటుంది. అది వేరు మట్టిలోకి చొచ్చుకుపోయేటప్పుడు లోపలి లేత కణాలకు రక్షణగా ఉండే తొడుగు మాత్రమే. దాని వెనుకనే, ఒకటి రెండు మిల్లీమీటర్ల పరిధిలో, విభజన చెందే విభాజ్య కణజాలం ఉంటుంది. దాని వెనుకనున్న కణాలు విభజనను మానుకుని పొడవుగా సాగే పనిలో ఉంటాయి. వేరు పొడవు పెరగడానికి ఆ సాగుదలే ముఖ్య కారణం కాబట్టి అక్కడి కణాలు పెద్దవిగా, సులభంగా కంటబడేలా ఉంటాయి గాని, వాటిలో మనకు కావలసినది లేదు. నేను రెండు వారాలు చూసింది ఆ కణాలనే.

మరి సరైన భాగాన్ని ఎలా గుర్తించాలి? రంగు పట్టిన వేరును ఒకసారి కింద తెల్ల కాగితం పెట్టి చూడండి. కొన దగ్గర చిన్న భాగం మిగతా వేరు కన్నా ముదురు ఎరుపులో కనిపిస్తుంది. అక్కడి కణాలు చిన్నవి, ఒత్తుగా ఉంటాయి, కేంద్రకాలు వాటిలో చాలా చోటును ఆక్రమిస్తాయి, అందుకే రంగు అంత చిక్కగా పడుతుంది. ఆ ముదురు ముక్కను, రెండు మిల్లీమీటర్లకు మించకుండా, బ్లేడుతో కోయండి. మిగతాది పక్కకు తీసివేయండి. పక్కకు నెట్టడం కాదు, స్లైడ్ మీద నుంచే తీసివేయండి, లేకపోతే ఏ ముక్క ఏదో తెలియక మళ్లీ పొడవాటి కణాల దగ్గరికే వస్తారు.

ఆ తరువాతిది తేలిక. ఒక చుక్క రంగు, పైన కవర్ స్లిప్, దాని పైన మడిచిన అద్దుడు కాగితం. పెన్సిల్ వెనుక కొనతో మెల్లగా తట్టండి. తరువాత బొటనవేలితో నిట్టనిలువుగా ఒక్కసారి నొక్కండి. కవర్ స్లిప్ పక్కకు జరగకూడదు. జరిగితే కణాలు చుట్టలు చుట్టుకుంటాయి.

ఇప్పుడు తెరపై 10 రెట్ల కటకం. చిన్న, చదరపు కణాల గుంపు ఎక్కడుందో వెతుకుతున్నాను. దొరికింది. 40 రెట్ల కటకానికి మారుస్తున్నాను. గుండ్రటి కేంద్రకం, లోపల ఒకటి రెండు కేంద్రకాంశాలు ఉన్నవన్నీ అంతర్దశలో, అంటే ఇంకా విభజన మొదలుపెట్టని స్థితిలో, ఉన్న కణాలు. ఈ మూలన చిక్కుపడిన దారపు ఉండలా ఉన్నది ప్రథమదశ. వాల్తర్ ఫ్లెమింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త సాలమాండర్ అనే ఉభయచర జీవి డింభకాల కణాలలో ఇటువంటి దారాలనే చూసి, 1882లో, గ్రీకులో దారం అని అర్థం వచ్చే మాట నుంచి సమవిభజనకు మైటోసిస్ అనే పేరు పెట్టాడు. ఈ కణంలో క్రోమోసోములు నడిమి గీత మీదకు చేరాయి, ఇది మధ్యస్థదశ. ఇదే దశను ధ్రువం వైపు నుంచి, అంటే కణం కొన వైపు నుంచి, చూస్తే గీతలా కాక, ఇలా పరుచుకున్న పువ్వులా కనిపిస్తుంది. దీనిని వేరే దశ అనుకోకండి. ఇక్కడ రెండు గుంపులు దూరమవుతున్నాయి, ఇది చలనదశ. ఇది అంత్యదశ, మధ్యలో సన్నగా కణఫలకం ఏర్పడుతోంది. జంతుకణం నడుము దగ్గర నొక్కుకుపోయి రెండవుతుంది గాని, గట్టి కణకవచం ఉన్న మొక్క కణానికి ఆ వీలు లేదు, అందుకే మధ్యలో కొత్త గోడ కట్టుకుంటుంది.

సంఖ్యల దగ్గర చాలామంది తడబడతారు, కాబట్టి ఈ చలనదశ కణాన్ని ఆపి ఉంచాను. అంతర్దశలోనే డి.ఎన్.ఎ. రెట్టింపయింది, కాని క్రోమోసోముల సంఖ్య రెట్టింపు కాలేదు. 16 క్రోమోసోములే, ఒక్కొక్కటి సెంట్రోమియర్ దగ్గర కలిసి ఉన్న రెండు క్రోమాటిడ్‌లుగా ఉంది. చలనదశలో సెంట్రోమియర్ విడిపోగానే ఒక్కొక్క క్రోమాటిడ్ ఒక్కొక్క క్రోమోసోమ్ అవుతుంది. కొద్దిసేపు ఆ ఒకే కణంలో 32 ఉంటాయి, ఒక్కో ధ్రువానికి 16 చేరతాయి. ఎనిమిదీ ఎనిమిదీ అని రాస్తే, అది పుప్పొడి, అండం ఏర్పడే క్షయకరణ విభజన లెక్క, వేరు కొన లెక్క కాదు. రెండు పిల్ల కణాలకూ తల్లి కణంలో ఉన్న 16 యథాతథంగా అందడమే సమవిభజన చేసే పని.

ఇప్పుడు మొదట చెప్పిన బొమ్మల విషయానికి వద్దాం. ఈ స్లైడ్‌ను పక్కకు జరుపుతూ 200 కణాలను లెక్కపెట్టారనుకుందాం. అంతర్దశలో 170, ప్రథమదశలో 18, మధ్యస్థదశలో 4, చలనదశలో 3, అంత్యదశలో 5 వచ్చాయనుకుందాం. ఇవి లెక్క చూపడానికి నేను వేసుకున్న అంకెలు, మీ స్లైడ్‌లో వేరుగా వస్తాయి. కణాలన్నీ ఒకేసారి విభజన మొదలుపెట్టవు, ఎవరి వేళకు అవి మొదలుపెడతాయి కాబట్టి, ఎక్కువ కాలం పట్టే దశలో ఎక్కువ కణాలు పట్టుబడతాయి. ఒక కణచక్రానికి, అంటే ఒక విభజన ముగిసినప్పటి నుంచి తరువాతి విభజన ముగిసే వరకు, 20 గంటలు పడుతుందని అనుకుంటే, 200లో ఒక కణం సుమారు ఆరు నిమిషాలకు సమానం. అప్పుడు ప్రథమదశకు గంటా 48 నిమిషాలు, మధ్యస్థదశకు 24 నిమిషాలు, చలనదశకు 18 నిమిషాలు స్థూలంగా తేలుతాయి. చలనదశ దొరకలేదని స్లైడ్‌ను పారేసేవారు ఈ అంకెను ఒకసారి చూడాలి. అంత త్వరగా ముగిసే దశను రెండు వందల కణాలలో మూడింటిలోనే చూడడం లోపం కాదు. మరో నాలుగైదు చోట్లకు స్లైడ్‌ను జరపండి.

లెక్కపెట్టడానికి నేను సూక్ష్మదర్శిని కంటి కటకం దగ్గర ఫోను పట్టుకుని ఫోటో తీసి, ఆ ఫోటో మీద లెక్కపెట్టిన ప్రతి కణానికీ చుక్క పెడతాను. లేకపోతే ఒకే కణాన్ని రెండుసార్లు లెక్కపెట్టడం ఖాయం. పని ఈ రోజు పూర్తి కాకపోతే కవర్ స్లిప్ అంచుల చుట్టూ గోళ్ల రంగు పూసి, ఆరనిచ్చి, స్లైడ్‌ను ఫ్రిజ్‌లో బల్లపరుపుగా పెట్టండి. కొన్ని రోజుల వరకు ఎండిపోకుండా ఉంటుంది, మరునాటికి రంగు ఇంకొంచెం ముదిరి క్రోమోసోములు స్పష్టంగా కనిపిస్తాయి.