తమ మీద తమకు నమ్మకం కలిగించే బొమ్మల పుస్తకాలు: ఎంచుకోవడం, చదివి వినిపించడం, ఇంట్లోనే ఒకటి చేసుకోవడం

నమస్తే అండీ. మూడేళ్ల నుంచి ఆరేడేళ్ల లోపు పిల్లలున్న ఇళ్ల కోసం ఈ వీడియో. అమ్మానాన్నలే కానక్కర్లేదు. అమ్మమ్మలు, తాతయ్యలు, అంగన్‌వాడీ టీచర్లు కూడా చూడొచ్చు. "మావాడికి కాన్ఫిడెన్స్ తక్కువండీ, ఏదైనా మంచి పుస్తకం చెప్పండి" అని చాలామంది అడుగుతుంటారు. పుస్తకాల పేర్లు చెబుతాను. అయితే పేర్లు రాసుకుని ఆర్డర్ పెట్టేస్తే పనైపోదు. ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని ఎలా చదువుతామన్న దాంట్లోనే సగం ఉంది. చివర్లో ఒక్క ఏ4 కాగితంతో మీ పిల్లల మీదే ఒక బుల్లి పుస్తకం చేద్దాం. కాగితం, కత్తెర, స్కెచ్ పెన్నులు దగ్గర పెట్టుకోండి.

[ఒక పుస్తకం తెరిచి కెమెరాకు చూపిస్తూ]

ముందు నేను కొనని రకం చూడండి. పేరు కనబడకుండా అట్ట మూసేశాను, ఎందుకంటే ఇలాంటివి షాపుల్లో బోలెడున్నాయి. ఈ పేజీలో "నువ్వు బంగారం". ఇక్కడ "నువ్వు అందరికంటే స్పెషల్". ఇక్కడ ఇంద్రధనస్సు, దాని కింద "నువ్వు ఏదైనా సాధించగలవు". ముద్దుగానే ఉంది. కానీ పుస్తకం మొత్తం మీద ఎవరూ ఏ పనీ చెయ్యరు. చెప్పు బెల్టు పెట్టుకోవడం రాక గుమ్మంలో కూర్చుని ఏడుస్తున్న నాలుగేళ్ల పిల్లకి "నువ్వు ఏదైనా సాధించగలవు" అంటే ఏం ఎక్కుతుంది? దానికి ఆ క్షణంలో కావలసింది ఆ బెల్టు పడటం.

పొగిడితే తప్పేంటి అంటారేమో. 2014లో ఎడ్డీ బ్రుమెల్‌మాన్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం నెదర్లాండ్స్‌లో ఒక ప్రయోగం చేసింది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల చేత పేరున్న చిత్రకారుడు వాన్ గో చిత్రం ఒకటి చూసి గీయించారు. కొందరికి "బొమ్మ అందంగా ఉంది" అని చెప్పారు, కొందరికి "అబ్బో, అద్భుతం, ఇంత అందమైన బొమ్మా!" అన్న స్థాయిలో చెప్పారు. తర్వాత, ఈసారి తేలికైన బొమ్మ వేస్తారా, కష్టమైనది వేస్తారా అని అడిగారు. తమ మీద తమకు నమ్మకం తక్కువున్న పిల్లల్లో ఆకాశానికెత్తిన పొగడ్త విన్నవాళ్లు తేలికైన వాటివైపే మొగ్గారు. ఒకసారి అద్భుతం అనిపించుకున్నాక రెండోసారి బాగా రాకపోతే పరువు పోతుందన్న టెన్షన్ వాళ్లకి అని పరిశోధకుల అంచనా. మన పిల్లలు అంతకంటే చిన్నవాళ్లే, అయినా పొగడ్తలతో నింపిన పుస్తకం చూస్తే నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పుస్తకం. 'విజిల్ ఫర్ విల్లీ', 1964లో అమెరికాలో వచ్చింది, రాసి బొమ్మలు వేసింది ఎజ్రా జాక్ కీట్స్. నా దగ్గరున్నది ఇంగ్లిష్ ప్రతి. నేను ఇంగ్లిష్ చదవను, బొమ్మ చూపిస్తూ తెలుగులో చెప్పేస్తాను. మీరూ అలాగే చెప్పేయండి, పిల్లలు ఏమీ అనుకోరు.

కథేంటంటే, పీటర్ అనే చిన్నబ్బాయి. వాడి కుక్క పేరు విల్లీ. ఎవరో అబ్బాయి ఈల వేస్తే వాడి కుక్క పరుగెత్తుకు రావడం పీటర్ చూశాడు. తనకీ ఈల వెయ్యాలనుంది. ఊదాడు, రాలేదు. సరే అని గిరగిరా తిరిగాడు, కళ్లు తిరిగేదాకా. ఖాళీ అట్టపెట్టెలో దాక్కుని మళ్లీ ఊదాడు. రాలేదు, విల్లీ తన దారిన తను వెళ్లిపోయింది. రంగు చాక్‌పీసులతో రోడ్డు మీద గీత గీసుకుంటూ ఇంటిదాకా వచ్చాడు. గుమ్మం ముందు నిలబడి బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాడు. ఊహూఁ.

[పేజీ తిప్పి, బొమ్మ మీద వేలు పెట్టి]

ఈ పేజీ దగ్గర ఆగండి. నాన్న టోపీ పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు, పెద్దవాడైతే ఈల వస్తుందేమోనని. అంతలో అమ్మ చూసింది. వెంటనే వాడు నాన్నలా నటిస్తూ, ఇవాళ తొందరగా వచ్చేశాను, పీటర్ ఉన్నాడా అని అడుగుతాడు. వాళ్లమ్మ నవ్వెయ్యదు, "ఇలా రా, పెదాలు ఇలా పెట్టాలి" అని నేర్పించదు. "లేడండీ, విల్లీతో బయటికెళ్లాడు" అంటుంది. అంతే! వాడి ఆటలో వాడికి మర్యాద ఇచ్చింది. పిల్లల పుస్తకాల్లో ఇంత మంచి అమ్మ తక్కువ. మన ఇళ్లలో అయితే ఈపాటికి ఫోన్ తీసి వీడియో, ఆ వెంటనే ఫ్యామిలీ గ్రూపులో స్టేటస్.

తర్వాత బయట మళ్లీ అదే పెట్టె కింద దూరి, ఊది ఊది, ఒక్కసారిగా నిజం ఈల వస్తుంది. విల్లీ ఆగి చూస్తుంది, ఆ తర్వాత ఒకటే పరుగు. అమ్మానాన్నా మెచ్చుకుంటారు. పుస్తకం అక్కడితో ఆగలేదు. అమ్మ వాణ్ని కొట్టుకి పంపిస్తుంది, సరుకు తెమ్మని. పోతూ ఈల, వస్తూ ఈల. చప్పట్ల కంటే కొట్టుకి పంపడం పెద్ద సర్టిఫికెట్టు కదా ఆ వయసులో.

ఇంకొక్క మాట. పీటర్ నల్లజాతి పిల్లవాడు, ఆ సంగతి కథలో ఎక్కడా రాయలేదు. కీట్స్ 1940లో లైఫ్ పత్రికలో ఒక నల్లజాతి చిన్నారి ఫొటోలు చూసి కత్తిరించి దాచుకున్నాడు. రెండు దశాబ్దాలు దాటాక, 1962లో 'ది స్నోయీ డే' అనే ముందు పుస్తకంలో ఆ పిల్లాడే పీటర్ అయ్యాడు. మరుసటి ఏడాది ఆ పుస్తకానికి కాల్డెకాట్ మెడల్ వచ్చింది, అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే పెద్ద బహుమతి అది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ ఇంట్లో ఉన్న బొమ్మల పుస్తకాలన్నీ ఒకసారి నేల మీద పరవండి. పిల్లలంతా గులాబీ రంగేనా? చామనఛాయ, నలుపు పిల్లలు ఎంతమంది? ఉన్నా, పక్కన నిలబడి చూస్తున్నారా, కథ నడిపిస్తున్నారా? "నల్లపిల్ల" అని చుట్టాలు అనడం మూడేళ్ల పాపకి అర్థమవుతుందండీ, మనం అర్థం కాదనుకుంటాం. నలుపు కూడా అందమే అని రాసిన పుస్తకం తెచ్చిపెడితే సమస్యని మళ్లీ గుర్తు చేసినట్టే. నల్లపిల్ల చెట్టెక్కే పుస్తకం తేవాలి.

ఇంకో రెండు పుస్తకాలు త్వరగా చెప్పేస్తాను. రూత్ క్రాస్ రాసిన 'ది క్యారట్ సీడ్', 1945. బొమ్మలు క్రాకెట్ జాన్సన్. మొత్తం కలిపి వంద మాటల చిల్లర ఉంటుందేమో. బాబు క్యారట్ విత్తనం నాటుతాడు, మొలవదేమో అని అమ్మ, నాన్న, అన్న అందరూ అంటారు. వాడు వాదించడు. రోజూ కలుపు తీస్తాడు, నీళ్లు పోస్తాడు. ఒకరోజు క్యారట్ వచ్చేస్తుంది. రెండోది రాబర్ట్ క్రాస్ రాసిన 'లియో ద లేట్ బ్లూమర్', 1971. లియో పులిపిల్ల. చదవడం రాదు, రాయడం రాదు, మాట కూడా రాలేదు. నాన్నకి దిగులు, రాత్రీ పగలూ గమనిస్తూనే ఉంటాడు. దానికి సమయం పడుతుందని అమ్మ చెబుతుంది. ఈ పుస్తకం పిల్లల కంటే, పక్కింటి పిల్లకి అప్పుడే ఏబీసీడీలు వచ్చేశాయని కంగారుపడే నాన్నలు ముందు చదువుకోవాలి.

షాపులో నిలబడి ఎలా తేల్చుకోవాలి? నేను చివరి మూడు పేజీలు ముందు చూస్తాను. చిక్కు విప్పింది ఎవరు? టీచరో, దేవతో, తాతగారో వచ్చి విప్పేస్తే పుస్తకం వెనక్కి పెట్టేస్తాను. పిల్లాడే విప్పితే ఉంచుతాను. ఆఖరి పేజీలో "నీతి:" అని ఉంటే మిగతాది బాగుంటేనే కొంటాను, ఆ పేజీని చదవను, అంతే.

తెలుగులో ఎక్కడ దొరుకుతాయంటే, ముందు డబ్బు ఖర్చు లేనిది. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైటు. భాష దగ్గర తెలుగు ఎంచుకోండి, స్థాయి దగ్గర ఒకటి లేదా రెండు పెట్టండి. ఫోన్‌లో చదవొచ్చు, దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. నా సలహా ప్రింటే, ఎందుకంటే ఫోన్‌లో పేజీ తిప్పుతుంటే నోటిఫికేషన్ వస్తుంది, కథ అక్కడితో గోవిందా. సికింద్రాబాద్ తార్నాకలో ఉన్న 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం వరుస, చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థ వాళ్ల ఇంగ్లిష్–తెలుగు పుస్తకాలు కూడా చూడండి. విదేశాల్లో ఉన్న మనవాళ్లకి ఈ రెండు భాషలవి బాగా పనికొస్తాయి, అమ్మమ్మ వీడియో కాల్‌లో తెలుగు చదువుతుంటే పాప ఇంగ్లిష్ చూసుకుంటుంది. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో, విజయవాడ పుస్తక మహోత్సవానికో వెళ్తే పిల్లల్ని తీసుకెళ్లి, వాళ్ల చేత్తోనే ఒకటి ఎంచుకోనివ్వండి. వాళ్లు డైనోసార్ స్టిక్కర్లు తీసుకుంటారు. తీసుకోనివ్వండి, రెండోది మీరు కొనండి.

సరే, ఇప్పుడు చదవడం.

[ఒళ్లో పుస్తకం పెట్టుకుని, పక్కన పిల్లాడున్నట్టు కూర్చుని]

ముందు మనం మామూలుగా ఎలా చదువుతామో చూడండి. "చూశావా, పీటర్ ఎంత సేపు ప్రయత్నించాడో! నువ్వూ ఉన్నావు, ఒక్కసారి రాకపోతే పెన్సిల్ విసిరేస్తావు." అయిపోయింది! ఆ పుస్తకం ఇక వాడు ముట్టుకోడు. ఇంటిపక్క బాబుతో పోల్చింది చాలక పుస్తకంలో బాబుతో కూడా పోల్చాం. ఇంకోటి, "ఇదేం రంగు? ఇది ఇంగ్లిష్‌లో ఏమంటారు? ఎన్ని కుక్కలున్నాయి?" ఇది స్లిప్ టెస్టు.

ఇప్పుడు ఇలా చేసి చూడండి. పేజీ వాళ్ల చేతికివ్వండి, వాళ్లే తిప్పాలి. రెండు పేజీలు కలిసి తిరిగినా కంగారు లేదు. బొమ్మ వచ్చాక నోరు కట్టేసుకుని మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. చాలాసార్లు వాళ్లే మొదలుపెడతారు. మొదలుపెట్టకపోతే ఒక్కటే ప్రశ్న, "ఇప్పుడు వీడేం చేస్తాడంటావ్?" ఏం చెప్పినా తప్పు లేదు. "కుక్క ఎగిరిపోతుంది" అన్నారనుకోండి, "ఎగిరిపోయి ఎక్కడికెళ్తుంది?" అని అడగండి.

చదివిందే చదవమంటారు. విసుగొస్తుంది, తెలుసు. కానీ ఏడు చేపల కథ మనకెందుకంత ఇష్టం? "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" అని పెద్దవాళ్లు అనగానే తర్వాత ఏం రావాలో మనకు ముందే తెలుసు కాబట్టి. తర్వాత మాట తనకి తెలుసన్న ధీమా ఆ వయసులో చిన్న విషయం కాదు. అందుకని బాగా తెలిసిన పుస్తకంలో వాక్యం సగంలో ఆపేయండి, మిగతా సగం వాళ్లు పూర్తి చేస్తారు. కొన్నాళ్లకి పుస్తకం తలకిందులుగా పట్టుకుని గడగడా "చదివేస్తుంటారు". దయచేసి పుస్తకం తిన్నగా పెట్టకండి, అక్షరాలు చూపించకండి. వినండి, చాలు.

ఇక మన పుస్తకం చేద్దాం.

[బల్ల మీద ఏ4 కాగితం అడ్డంగా పెట్టి]

కాగితం ఇలా అడ్డంగా. పై అంచు కింది అంచుకు తాకేలా మడిచి, గోటితో గీసి, విప్పేయండి. ఎడమ అంచు కుడి అంచుకు తాకేలా మడిచి, విప్పేయండి. ఇప్పుడు రెండు పక్క అంచులనీ మధ్య గీతదాకా తెచ్చి మడిచి, విప్పండి. ఎనిమిది గళ్లొచ్చాయి. మళ్లీ ఎడమ అంచు కుడి అంచుకు తాకేలా సగానికి మడవండి. మడత ఉన్న వైపు నుంచి, మధ్యలో ఉన్న అడ్డగీత మీద, ఒక్క గడి పొడవున కత్తిరించి ఆపేయండి. విప్పితే మధ్యలో రెండు గళ్ల పొడవు చీలిక కనబడాలి. ఇప్పుడు పై అంచు కిందికి మడిచి, రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నెట్టండి. చీలిక తెరుచుకుని ప్లస్ గుర్తు వస్తుంది. ఒకవైపుకి చుట్టి నొక్కితే ఎనిమిది పేజీల పుస్తకం. కుట్టు లేదు, జిగురు లేదు. రాసే ముందే మూలల్లో పేజీ నంబర్లు వేసుకోండి, లేదంటే విప్పాక తలకిందులు అయిపోతాయి.

ఏం రాయాలి? ఈ వారం మీ పిల్లలు నిజంగా కుస్తీపట్టిన పని ఒకటి. నేను గుండీలు తీసుకున్నాను. అట్ట మీద పిల్లల పేరు, కింద "నా చొక్కా". రెండో పేజీ: "పొద్దున్నే చొక్కా. ఐదు గుండీలు." మూడు: "అమ్మ పెడతానంది. వద్దన్నాను." నాలుగు: "ఒకటి పెట్టాను. జారిపోయింది." ఐదు: "కింది గుండీ పై కాజాలో దూరింది. కాలరు వంకర!" ఇక్కడ బొమ్మ వాళ్లనే వెయ్యమనండి, వంకర కాలరు వాళ్లు వేస్తేనే బాగుంటుంది. ఆరు: "విప్పేశాను. ఈసారి కింద నుంచి మొదలుపెట్టాను." ఏడు: "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు." ఎనిమిదో పేజీ ఖాళీ, వాళ్లిష్టం.

ఐదో పేజీ తీసెయ్యాలనిపిస్తుంది, తీసెయ్యకండి. గుండీ తప్పు కాజాలో దూరకపోతే అది కథే కాదు. "అందరూ చప్పట్లు కొట్టారు" అని మాత్రం రాయకండి, కొట్టలేదు కదా. ఒకవేళ మీ బాబుకి ఇంకా గుండీలు పట్టుబడలేదనుకోండి, ఐదో పేజీతో ఆపి పుస్తకం అలాగే ఉంచండి. మిగతా పేజీలు పని వచ్చిన రోజున నింపుకుందురుగాని.

పుస్తకాన్ని షోకేసులో, అద్దం వెనక పెట్టకండి. వాళ్ల చెయ్యి అందే ఎత్తులో ఉండాలి. చిరుగుతుంది, అన్నం మెతుకులు అంటుకుంటాయి, అదేం పెద్ద సమస్య కాదు, మళ్లీ ఒక కాగితమే కదా. మడత దగ్గర తికమకగా ఉంటే వెనక్కి వెళ్లి ఆ ముక్క సగం స్పీడులో పెట్టి చూడండి. కత్తెర పని మాత్రం మీరే చెయ్యండి. ఉంటానండీ.