"నాకు తెలియదు" అని రాస్తే చాలు, ఓనర్ సేఫ్! లెడ్ ఫారంలో అసలు మోసం ఇదే

ఇల్లు అద్దెకిచ్చేవాడికి ఈ చట్టం నేర్పిన పాఠం ఒక్కటే అండి. టెస్ట్ చేయించకు, తెలుసుకోకు! అమెరికాలో పాత ఇళ్ళ గోడలకీ కిటికీలకీ వేసిన లెడ్ పెయింట్, అంటే సీసం కలిసిన రంగు గురించే మాట్లాడుతున్నా. పోయిన వీడియో కింద చాలామంది "ఓనర్ చెప్పి తీరాలని రూల్ ఉంది కదా" అని రాశారు. ఉంది. ఏం చెప్పి తీరాలో చదివారా?

అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లు అద్దెకిస్తే, మనం సంతకం పెట్టకముందే ఓనర్ లెడ్ ఫారం, ఈపీఏ (అక్కడి పర్యావరణ సంస్థ) బుక్‌లెట్ ఇవ్వాలి. 1992 నాటి ఫెడరల్ చట్టం. ఆ ఫారంలో ఒక లైన్, లెడ్ ఉందని తెలుసు. దాని కింద ఇంకో లైన్, నాకు తెలియదు. రెండోదాని పక్కన ఇనీషియల్స్ పెడితే ఓనర్ పని అయిపోయింది. టెస్ట్ చేయించి తీరాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు!

అదే టెస్ట్ చేయించాడనుకోండి. రిపోర్ట్‌లో లెడ్ ఉందని తేలితే, ఆ తర్వాత దిగే ప్రతి టెనెంట్‌కీ చూపించాలి. తెలిసి దాస్తే నష్టానికి మూడింతలు కట్టాల్సి రావచ్చు. అంటే కళ్ళు మూసుకున్నవాడు హాయిగా ఉంటాడు, కళ్ళు తెరిచినవాడు ఇరుక్కుంటాడు. పాత ఇళ్ళలో టెస్టులు జరగకపోవడానికి ఖర్చు కారణం కాదు, ఆ రెండో లైనే కారణం. నేను గట్టిగా నమ్మేది ఇదే.

నా మొదటి లీజ్ ఫోన్‌కి వచ్చింది. పసుపు బటన్ నొక్కితే తర్వాతి సంతకం దగ్గరికి దూకుతుంది. నొక్కుకుంటూ పోయాను, లెడ్ పేజీ మీద ఆగనే లేదు. ఆ ఇంట్లో చెక్క కిటికీ పైకెత్తినప్పుడల్లా గట్టు మీద తెల్లటి పొడి రాలేది. మా పాప అప్పుడే లేచి నిలబడుతోంది. పట్టుకునేది ఆ గట్టునే, తర్వాత ఆ చెయ్యి నోట్లోకే. పాత కిటికీలు రాసుకుని రాలే ఆ పొడిలోనే లెడ్ ఉంటుందని నాకప్పుడు తెలీదు. పిల్లల రక్తంలో ఇంతవరకు ఉన్నా ఫర్వాలేదు అనే లెవెలే లేదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది!

ఇంకో అన్యాయం. ఇల్లు కొనేవాడికి టెస్ట్ చేయించుకోడానికి ఇదే చట్టం 10 రోజులిచ్చింది. అద్దెకుండేవాడికి? ఒక్క రోజు కూడా లేదు. వాడి పిల్లలూ పిల్లలే కదా!

న్యూయార్క్ సిటీలో అయితే కొత్త టెనెంట్‌కి ఏడాదిగా ఆ ఫ్లాట్‌లో నల్లులు పట్టాయా లేదా అని ఓనర్ రాసివ్వాలి. నల్లులకే అంత పట్టుదల! లెడ్ విషయంలోనూ ఆ ఊరు మేలే. 1960కి ముందు కట్టిన అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో ఆరేళ్ళలోపు పిల్లలుంటే, పెయింట్‌లో లెడ్ ఉన్నట్టే లెక్క. లేదని రుజువు చేసుకోవాల్సింది ఓనరే. దేశమంతా ఇలా ఎందుకు పెట్టరు?

ఇవాళే మీ లీజ్ తెరవండి. ఏ లైన్ పక్కన ఇనీషియల్స్ ఉన్నాయో చూడండి. రెండో లైన్ దగ్గరుంటే, వీలైతే మీరే టెస్ట్ చేయించి, రిపోర్ట్ ఓనర్‌కి ఈమెయిల్‌లో పంపండి. లెడ్ ఉందని తేలిందా, అది చేతికందిన క్షణం నుంచి అతనికి తెలిసినట్టే. మీ తర్వాత ఆ ఇంట్లో దిగేవాళ్ళకి "నాకు తెలియదు" అని రాసివ్వలేడు.